ముందే మోగిన దీవెన పాట

ఆ శుక్రవారం పొద్దున ఎలియేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఆరాధన మొదలుపెట్టాలి, పన్నెండింటికి ముగించాలి. అంతే. లోకంలో ఎంతోమంది ఇంతకన్నా పెద్ద పనులు నెత్తిన వేసుకుని సాయంత్రానికి హాయిగా ఇల్లు చేరుతూనే ఉన్నారు. కాకపోతే వాళ్ళెవరూ బహ్రెయిన్‌లో తెలుగు సంఘానికి సెక్రటరీలు కారు.

మనామాలోని ఆ చర్చి ఆవరణలో హాలు ఒకటే, దాన్ని పంచుకునే భాషలు మాత్రం చాలా. శుక్రవారం తెల్లవారింది మొదలు రాత్రి దాకా ఒకరు లేచి వెళుతుంటే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. తెలుగువాళ్ళకు పది నుంచి పన్నెండు. ఆ తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్ళు గిటార్లు పట్టుకుని వస్తారు. వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, చిరునవ్వుతో ఎదురుచూస్తారు. ఎందుకంటే తెలుగువాళ్ళ పన్నెండు ఎప్పుడూ పన్నెండింటికి కాదు. ఒకరి సాక్ష్యం పొడుగవుతుంది, ఒకరి ప్రార్థన బంధువులందరి పేర్లూ చుట్టి వస్తుంది, పాటలో ఆఖరి చరణాన్ని అందరికీ ఇంకోసారి పాడాలనిపిస్తుంది.

కిందటి నెలలో రెండుసార్లు ఇలాగే అయింది. రెండుసార్లూ హాలు మేనేజరు ఎలియేజరుకు ఫోను చేశాడు. ఎలియేజరు ఫోను పాతది, దాని స్పీకరు ఏనాడో పోయింది. అది మోగితే పక్కింటివాళ్ళకే కాదు, జేబుకు కూడా తెలియదు. ఆ తర్వాత మేనేజరు స్వయంగా వచ్చి, ఇంకొక్కసారి టైము దాటితే మీ ఆరాధన సాయంత్రం నాలుగింటికి మారుస్తానని నవ్వకుండా చెప్పి వెళ్ళాడు.

కార్లున్న కుటుంబాలకు నాలుగైనా ఒకటే, అయిదైనా ఒకటే. చిక్కల్లా అస్కర్ క్యాంపువాళ్ళతో. అక్కడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే మనవాళ్ళు నలభై మంది దాకా ఉంటారు. కంపెనీ వాళ్ళకు శుక్రవారం పొద్దున ఒక బస్సు ఇస్తుంది. అది పన్నెండున్నరకు తిరిగి వెళ్ళిపోతుంది. ఆరాధన నాలుగింటికి మారిందంటే వాళ్ళు వారానికి ఒక్కసారి తెలుగులో నోరారా పాడుకునేదీ, క్యాంటీన్ పప్పు కాని అన్నం తినేదీ అంతటితో సరి. ఎలియేజరు ఇప్పుడు గుదైబియాలో భార్యతో కాపురం పెట్టి ఆఫీసులో కూర్చుంటున్నాడు గానీ, గల్ఫుకు వచ్చిన కొత్తలో అదే క్యాంపులో ఉన్నాడు. ఆరు రోజుల డ్యూటీని ఈ ఒక్క పూట కోసమే భరించేవాడు. అందుకే క్యాంపువాళ్ళ పెద్ద కన్నబాబుతో, నేనుండగా మీ టైము కదలదని మాట ఇచ్చేశాడు. ఇచ్చాక రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

ఆయన భార్య రోజీ హాస్పిటల్లో నర్సు. నిద్రపోని మొగుడికి ఏం మందు వెయ్యాలో ఆవిడకు తెలుసు. కొత్త ఫోను కొని చేతిలో పెట్టింది.

ఇక్కడ రింగుటోన్ల గురించి కొంచెం చెప్పుకోవాలి. ఎలియేజరు మొదటిసారి బహ్రెయిన్ వచ్చినప్పుడు ఫోన్లన్నీ ఒకే కూత కూసేవి. క్యాంపు గదిలో ఒకటి మోగితే ఆరు చేతులు ఆరు జేబుల్లోకి వెళ్ళేవి. తర్వాత పాటలొచ్చాయి. అవి ఏ పాటలో ఫోను సొంతదారు చెబితే తప్ప తెలిసేది కాదు. చెప్పాక అవునవునని తల ఊపడం మర్యాద. ఆ తర్వాత కొన్నాళ్ళు బ్యాండుమేళాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు మోగేవి. ఇప్పుడు అదేమీ లేదు. తబలా కొడితే అరచెయ్యి ఆనడం తెలుస్తుంది, వేణువు ఊదితే ఊదినవాడు మధ్యలో పీల్చిన ఊపిరి వినబడుతుంది. శబ్దం ఇంత బాగుపడింది గానీ దాన్ని వినే చెవులు మాత్రం పాతవే ఉన్నాయి. ఆ సంగతి ఫోన్లు చేసేవాళ్ళెవరూ పట్టించుకోలేదు.

కొత్త ఫోనులో ఏ రింగుటోను పెట్టాలో ఎలియేజరుకు తోచలేదు. గురువారం సాయంత్రం సంఘంలో కీబోర్డు వాయించే ఫిన్నీ ఇంటికి వచ్చాడు. ఆ కుర్రాడు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు, ఫోన్లంటే ప్రాణం. నీకు నిద్రలో కూడా గుర్తుపట్టేంత బాగా తెలిసిన ట్యూనేదో చెప్పమన్నాడు. ఎలియేజరు ఆలోచించకుండానే చెప్పాడు. దీవెన పాట.

దీవెన పాట ఫిన్నీ సొంతంగా కట్టింది. ప్రతి శుక్రవారం ఆరాధన దానితోనే ముగుస్తుంది. ఇప్పుడు లేవండని ఎవరూ చెప్పరు. కీబోర్డు మీద ఆ ట్యూను మొదలైతే చాలు, అందరూ లేచి నిలబడతారు, బైబిళ్ళు సంచుల్లోకి పోతాయి, తల్లులు పిల్లల చెప్పుల కోసం కుర్చీల కింద వెతుకుతారు. ఆవరణలో భోజనాలు చూసే సూర్యావతి గారు బిర్యానీ గిన్నె మూత తీస్తుంది. గేటు దగ్గర క్యాంపు బస్సు డ్రైవరు, పాకిస్తానీ భాయ్, ఏసీ వేస్తాడు. తెలుగు ముక్క రాదు గానీ ఆ ట్యూను అతనికీ కంఠతా వచ్చు.

ఫిన్నీ తన కీబోర్డు తెచ్చి, మొదటి చరణందాకా శుభ్రంగా రికార్డు చేసి, రింగుటోనుగా పెట్టాడు. ఇంకో ఉపకారం కూడా చేశాడు. ఫోను సైలెంటులో ఉన్నా సరే, హాలు మేనేజరు నంబరు నుంచి వస్తే మాత్రం మోగేటట్టు అమర్చాడు. ఎలియేజరుకు కళ్ళు చెమర్చినంత పనైంది.

ఇక ఆ వారం వాక్యం చెప్పడానికి వచ్చినవారు పాస్టర్ అబ్బులు గారు. అమలాపురం దగ్గరి మనిషి, రెండు రోజుల క్రితమే విజిట్ వీసా మీద దిగారు. మంచివారు, మెత్తనివారు. ఒకటే ఇబ్బంది, మొదలుపెడితే ఆపడం ఆయన చేతుల్లో ఉండదు. ఎయిర్‌పోర్టులో దిగగానే ఎలియేజరు పన్నెండు గంటల సంగతి చెప్పాడు. కారులో చెప్పాడు. అన్నం తింటుండగా చెప్పాడు. శుక్రవారం పొద్దున హాలు మెట్లెక్కుతూ మళ్ళీ చెప్పబోతే ఆయన భుజం తట్టారు.

"మీరు కంగారుపడకండి బ్రదర్. ముక్కుసూటిగా నాలుగు మాటలు చెప్పి దిగిపోతాను."

పాటలూ సాక్ష్యాలూ అయ్యేసరికి పదకొండు కావస్తోంది. అబ్బులు గారు పుల్పిట్ ఎక్కారు. రోజీకి ఆ రోజు డ్యూటీ. వాక్యం రికార్డు చేసి పంపమంది కాబట్టి ఎలియేజరు ఫోనును సైలెంటులో పెట్టి, రికార్డింగు నొక్కి, సరిగ్గా మైకు కింద ఉంచి, వెనక వరసలో నిలబడ్డాడు. అబ్బులు గారు తమ చిన్నతనంతో మొదలుపెట్టారు. చిన్నతనంలో వాళ్ళ నాన్నగారికి ఒక సైకిలుండేది. ఆ సైకిలు గురించి ఇంకా చాలా ఉన్నట్టు ఆయన వాలకమే చెబుతోంది. ఎలియేజరు లెక్క వేసుకున్నాడు. ఈయన సైకిలు దిగి వాక్యంలోకి వచ్చేసరికే పన్నెండయ్యేలా ఉంది. నలభై మంది క్యాంపువాళ్ళు ముందు వరసల్లో స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ వీపుల వైపు చూడలేకపోయాడు.

సరిగ్గా అప్పుడు దీవెన పాట మొదలైంది.

ఫోను మైకు కింద ఉంది. మైకు హాలు నాలుగు మూలలా స్పీకర్లకు కలిపి ఉంది. అంత స్వచ్ఛంగా దీవెన పాట ఆ హాల్లో ఏనాడూ మోగలేదు. పోనీ ఫిన్నీ అయినా కాదని చెప్పొచ్చు కదా అంటే, వాక్యం జరుగుతున్నంతసేపూ అతను కీబోర్డు మీద చేతులుంచి, కళ్ళు మూసుకుని భక్తిగా కునికే రకం. తన ట్యూను తన చెవిన పడేసరికి, తానే మొదలుపెట్టాననుకుని వేళ్ళు కదిపాడు. రింగు ఆగిపోయినా కీబోర్డు ఆగలేదు. సంఘమంతా లేచి నిలబడి పాడటం మొదలుపెట్టింది.

ఇంతకీ విచిత్రమేమిటంటే అది తన ఫోనని ఎలియేజరుకే తట్టలేదు. దేవుడు తన మొర విన్నాడని అనుకున్నాడు. ఈ వారం ఎంత తొందరగా అయిపోయిందని పొంగిపోతూ రెండో చరణం అందరికంటే గట్టిగా పాడాడు.

అబ్బులు గారు సైకిలు చైను ఊడిపోయిన చోట ఆగిపోయి, బిత్తరపోయి చేతి గడియారం చూసుకున్నారు. ఒకటిన్నర. పన్నెండు, పన్నెండు అని ఈ సెక్రటరీ నెత్తీ నోరూ కొట్టుకుని చెబితే, తాను గంటన్నర దాటించేశానా అని ఆయనకు చెమటలు పట్టాయి. గడియారం ఇంకా అమలాపురం టైములోనే ఉందనీ, బహ్రెయిన్ దానికి రెండున్నర గంటలు వెనకనీ ఆ కంగారులో గుర్తు రాలేదు. చేతులెత్తి, తన జీవితంలో ఎన్నడూ చెయ్యనంత పొట్టి దీవెన ప్రార్థన చేసి, తలవంచుకుని దిగిపోయారు. జనం కదిలారు.

ఫోను రెండోసారి మోగింది. అది విని, ఇంకా కూర్చుని ఉన్న ముసలివాళ్ళు కూడా తమకే చెబుతున్నారనుకుని లేచారు. ఆవరణలో సూర్యావతి గారికి పాట రెండుసార్లు వినబడేసరికి, తొందరగా పెట్టెయ్యమని చెబుతున్నారనుకుని వడ్డన మొదలుపెట్టేసింది. అప్పుడు ఎలియేజరు గోడ గడియారం చూశాడు. పదకొండూ పది. కీబోర్డు వైపు చూశాడు. ఫిన్నీ కీబోర్డుకు గుడ్డ కప్పి సర్దేస్తున్నాడు. మరి పాట ఎక్కణ్ణుంచి వస్తోంది? మైకు కింద పెట్టిన తన ఫోను గుర్తొచ్చింది. బయటికి వస్తున్న జనానికి ఎదురీది పుల్పిట్ చేరేసరికి ఫోను మూడోసారి మోగుతోంది.

హాలు మేనేజరు. మూడుసార్లు చేస్తే గానీ ఎత్తవేమని ముందు విసుక్కున్నాడు. తర్వాత, మీ మేలు కోరి చెబుతున్నానన్నాడు. చర్చి కమిటీ పెద్దాయన అవాలీలో ఇంటి నుంచి బయల్దేరారట. ఏ సంఘానికి ఏ టైము ఉంచాలో, ఏది తియ్యాలో ఈ రోజే తేలుస్తారట. పదకొండున్నరకు తెలుగువాళ్ళ హాలు చూస్తారట.

"ఒక్కటే చెయ్యి. ఆయన వచ్చేదాకా ఒక్కణ్ణి కూడా సీట్లోంచి కదలనివ్వకు. హాలు నిండుగా కనిపించాలి."

ఎలియేజరు హాలు కేసి చూశాడు. ఫిన్నీ ఒక్కో లైటూ ఆర్పుతున్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఈ మాట చెప్పడానికి వచ్చిన ఫోనే హాలు ఖాళీ చేసింది. ఖాళీ హాలు చూస్తే పెద్దాయన ఏమనుకుంటాడు? ఈ తెలుగువాళ్ళకు రెండు గంటలెందుకు, సాయంత్రం ఒక గంట పడేస్తే చాలనుకుంటాడు. కన్నబాబు మొహం కళ్ళముందు మెదిలి ఎలియేజరుకు ఏడుపొక్కటే తక్కువైంది.

ఆవరణలోకి పరిగెత్తి అందరినీ లోపలికి నడవమన్నాడు. అయిపోయిన ఆరాధన మళ్ళీ ఎందుకన్నారు. కమిటీ అన్నాడు, పెద్దాయన అన్నాడు, సగం మాటలు మింగేశాడు. అప్పటికే అందరి చేతుల్లో పేపరు ప్లేట్లున్నాయి. హాల్లోకి అన్నం తీసుకుపోకూడదని నియమం. సూర్యావతి గారు గరిటె పట్టుకునే అడిగింది.

"చేతిలో కంచంతో పంపమంటారా, అన్నం పారేయించి పంపమంటారా? రెండూ నావల్ల కాదు తమ్ముడూ."

ఈలోగా అబ్బులు గారు ఎవరినో టైము అడిగి, నిజం తెలుసుకుని, ప్లేటు పక్కన పెట్టేశారు. ఆయన మొహంలో మళ్ళీ వెలుగొచ్చింది. తాను సిద్ధమేననీ, సైకిలు చైను దగ్గరే ఆపాననీ, ఎక్కడ ఆపానో అక్కడే అందుకుంటాననీ ఎలియేజరు వెంటపడ్డారు. ఆ మాట విని, లోపలికి వెళదామా అని ఆలోచిస్తున్న నలుగురు కూడా రెండోసారి బిర్యానీ పెట్టించుకోవడానికి గిన్నె దగ్గరికి వెళ్ళిపోయారు.

మిగిలిన ఆశ క్యాంపువాళ్ళే. నలభై మంది ముందు వరసల్లో కూర్చున్నా హాలు కాస్త నిండుగా కనిపిస్తుంది. చూస్తే వాళ్ళు పార్సిళ్ళతో సహా బస్సెక్కేశారు. పాట రెండుసార్లు విన్న డ్రైవరు ఏసీతో పాటు బండి కూడా స్టార్టు చేసి, యల్లా యల్లా అని తొందరపెట్టాడట. బస్సు గేటు వైపు కదులుతోంది. ఎలియేజరు పరిగెత్తి దానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. బ్రేకు పడింది. కిటికీలోంచి కన్నబాబు తల బయటపెట్టాడు.

"ఏటయింది ఎలియేజరన్నా? బిర్యానీ తక్కువొచ్చిందా?"

జవాబు చెప్పే లోపలే గేట్లోంచి పెద్దాయన కారు వచ్చింది. వెనకే మేనేజరు.

పెద్దాయన చాలాకాలం అవాలీలో ఆయిలు కంపెనీలో పనిచేసి, రిటైరై అక్కడే ఉన్న మనిషి. కారు దిగి, చేతులు చాచి బస్సును ఆపిన సెక్రటరీని చూశాడు. ఆ గేటు దగ్గర బళ్ళు అడ్డదిడ్డంగా ఆగిపోయి దెబ్బలాటలవడం ఆయనకు కొత్త కాదు. తన కారుకు దారి ఇప్పించడానికి సెక్రటరీ స్వయంగా ఎండలో నిలబడ్డాడని అనుకుని తల పంకించాడు. హాల్లోకి వెళ్ళాడు. మేనేజరు మొహం పాలిపోయింది. ఎలియేజరు వెనకే నడిచాడు, శిక్ష వినడానికి వెళ్ళేవాడిలా.

హాల్లో ఒక్క మనిషి లేడు. లైట్లు ఆరిపోయాయి, కుర్చీలు వరసగా ఉన్నాయి, చిత్తు కాగితం ముక్క లేదు. పెద్దాయన చాలాసేపు నిలబడి చూశాడు. మీ టైము ఎప్పటిదాకా అని అడిగాడు. పన్నెండని ఎలియేజరు సణిగాడు. పెద్దాయన తన గడియారం చూసుకుని మేనేజరు వైపు తిరిగాడు.

ఆయన చెప్పింది ఇది. ఈ నెలలో ఇప్పటికే నాలుగు సంఘాలు చూశాడు. తాను వచ్చానని తెలియగానే ప్రతిచోటా ప్రసంగం అరగంట పెరిగింది. ఎక్కడా ఒక్కరూ కుర్చీ వదలలేదు. చూసిపోవడానికి వచ్చినవాడికి చూపించడానికే అందరూ కూర్చున్నారు. టైముకు ముందే ప్రార్థన చేసుకుని, హాలు సర్ది, బయటికెళ్ళి అన్నం తింటున్న సంఘాన్ని ఇన్నేళ్ళలో ఇప్పుడే చూస్తున్నాడు. వీళ్ళ టైము ముట్టుకోవద్దు. ఏడాది పొడుగునా పది నుంచి పన్నెండు వీళ్ళదే. మిగతావాళ్ళను వచ్చి చూసి నేర్చుకోమను.

తర్వాత ఎలియేజరు చెయ్యి పట్టుకుని, ఇంతమందిని ఒక్కసారి లేపడం ఎలా సాధ్యమని మెచ్చుకోలుగా అడిగాడు. ఫోను ఇంకా ఎలియేజరు చేతిలోనే ఉంది. దాన్ని మెల్లగా జేబులో వేసుకున్నాడు.

"అలవాటు సార్."

సూర్యావతి గారు పెద్దాయనకు ప్లేటు నిండా బిర్యానీ పెట్టి, కుర్చీ వేసి ఆవరణ మధ్యలో కూర్చోబెట్టింది. ఎలియేజరు బస్సు కిటికీ దగ్గరికి పరిగెత్తి టైము ఖాయమైందని చెప్పాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. కన్నబాబు కిటికీలోంచి చెయ్యి చాపి అతని తల నిమిరాడు. ఆ క్షణంలో ఎలియేజరుకు కడుపు నిండిపోయింది, బిర్యానీ ఒక్క మెతుకు తినకుండానే.

మిగిలిపోయింది అబ్బులు గారొక్కరే. పెద్దాయన అక్కడే కూర్చుని నెమ్మదిగా ముక్క నములుతున్నాడు. ముందే ముగించినందుకు మెచ్చుకున్న మనిషి ఎదురుగా మళ్ళీ హాలు తెరవడం జరగని పని. ఆ సంగతి ఎలియేజరు చేతులు నలుపుకుంటూ చెబితే అబ్బులు గారు పెద్ద మనసుతో అర్థం చేసుకున్నారు. బైబిలు చంకలో పెట్టుకుని ఒకసారి హాలు వైపు, ఒకసారి జనం వైపు చూశారు. చివరికి ఆయన చూపు గేటు దగ్గర ఆగింది. అక్కడ నలభై మంది, వరసగా సీట్లలో, ఏసీలో, తలుపు దగ్గరికి వేసి కూర్చుని ఉన్నారు.

"అస్కర్ ఎంతసేపు పడుతుంది బ్రదర్?"

ఎలియేజరు ఆలోచించకుండా, ముప్పావుగంట పైనే పడుతుందని నిజం చెప్పేశాడు.

సాయంత్రం కన్నబాబు ఫోను చేశాడు. గొంతు నీరసంగా ఉంది. దారిలో ఎక్కడో రెండు కార్లు గుద్దుకుని రోడ్డు ఆగిపోయిందట. అబ్బులు గారు డ్రైవరు పక్కన నిలబడి, కడ్డీ పట్టుకుని, సైకిలు చైను బిగించి వాక్యంలోకి వచ్చారట. క్యాంపు గేటు చేరేసరికి ప్రసంగంలోని మూడు అంశాల్లో రెండోది నడుస్తోందట. ఇంజను ఆపకుండా ఉంచమని డ్రైవరును బతిమాలి ముగింపు కూడా చెప్పారట. పార్సిళ్ళు ఒళ్ళో చల్లారిపోయాయట. వాక్యం బాగోలేదని కాదు, చాలా బాగుందని కన్నబాబు రెండుసార్లు అన్నాడు. అక్కణ్ణుంచి అసలు సంగతికొచ్చాడు.

"అన్నా, మన టైము నాలుక్కి మార్చెయ్యమని ఆ మేనేజరుకి చెప్పవా? మేం టాక్సీలు కట్టుకునైనా వచ్చేస్తాం. ఆయన్ని మాత్రం ఇంకోసారి బస్సెక్కనివ్వకు."

అబ్బులు గారి విజిట్ వీసాలో ఇంకా మూడు శుక్రవారాలు మిగిలి ఉన్నాయి.